లాభం, రెండు, మూడు

చింతపిక్కలు డెబ్బై. అచ్చనగాయల ఆటకు ఏరిపెట్టుకున్న నున్నటి గులకరాళ్ళు ఐదు. గోలీలు తొమ్మిది, అందులో ఒకటి పెచ్చు లేచింది. రెండు తాటిబుర్రలకు పుల్ల గుచ్చి చేసిన బండి ఒకటి. అగ్గిపెట్టెల అట్టలు ముప్పై నాలుగు. సైకిల్ టైరు ఒకటి, దాన్ని కొట్టుకుంటూ పోయే కర్ర ఒకటి. మొత్తం నూట ఇరవై ఒకటి. ఇవన్నీ మా తమ్ముడు దాసువి. ఆత్మకూరులో మేం అద్దెకున్న ఇంట్లో ఒక సాయంత్రం మా నాయన వీటన్నిటినీ ఒక గోనెసంచిలో వేయించాడు. కాలేవాటిని పెరట్లో నీళ్ళపొయ్యిలో పెట్టాడు, కాలనివాటిని సంచితో సహా ఎవరికో ఇచ్చేశాడు. అప్పుడు దాసుకు నాలుగేళ్ళు, నాకు పన్నెండు. సంచిలోకి పోయేముందు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది నేనే. లెక్కపెట్టమని నాకు ఎవరూ చెప్పలేదు.

నా అలవాటు అంతే. నేను పదో తరగతి దాటలేదు. అయినా మా ఆయన మేస్త్రీ పని చేస్తాడు కాబట్టి, గోడకు ఇటుకలు ఎన్ని పడతాయి, శ్లాబుకు కంకర ఎంత కావాలి అనే లెక్కలు నేనే వేస్తాను. చుట్టుపక్కల వాళ్ళు కూడా కొలతలు చీటీ మీద రాసుకుని వచ్చి నన్నే అడుగుతారు. ఒకసారి వేసిన లెక్కను రెండోసారి వెనక నుంచి వేసి చూసుకోనిదే ఎవరికీ చెప్పను. పోయిన నెల దాసు నెల్లూరు నుంచి తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చి ఒక సంగతి అడిగాడు. పాపకు మూడున్నరేళ్ళు. జూన్‌లో బడిలో వేయాలంటే అంకెలు యాభై దాకా చెప్పాలంట, అడిగినదానికల్లా సమాధానం ఇవ్వాలంట. "నెల రోజులు నీ దగ్గర వదిలిపెడతా అక్కా. నువ్వైతే కూర్చోబెట్టగలవు" అన్నాడు. వాడికి ఏం గుర్తుందో, ఏం గుర్తులేదో నాకు తెలియదు. అప్పటికి జవాబు చెప్పలేదు. ముందు నేను వేయాల్సిన లెక్క ఒకటి ఉంది. దాన్ని ఇన్నేళ్ళూ వేయకుండా దాటేస్తూ వచ్చాను.

దాసు పుట్టిన దగ్గర నుంచి నాలుగేళ్ళ వరకు మేం ఉదయగిరికి రెండు మైళ్ళ దూరంలో, కొండ కనబడే పల్లెలో మా అవ్వ దగ్గర ఉన్నాం. నాయన ఆత్మకూరులో ఒక ఆఫీసులో అటెండరు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం తెల్లవారగానే వెళ్ళిపోయేవాడు. మిగతా రోజుల్లో ఇల్లు అవ్వ చేతిలో నడిచేది. ఆమె లేవగానే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసేది. తర్వాత గొర్రెల దొడ్డి తడిక తీసి, వాకిలి కడిగి, పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఎసరు కాగే వాసన, తడిసిన పేడ వాసన, గొర్రెల బొచ్చు వాసన కలిసి వస్తేనే నాకు తెల్లవారినట్టు. ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకుని, బైబిలును గుడ్డలో చుట్టుకుని గుడికి పోయేది. పొరుగూరి నుంచి వేరుశనగ కాయలు కొనేవాళ్ళు వచ్చినా, "రేపు రండి" అని తిప్పి పంపేది.

సజ్జలు, వేరుశనగలు ఇంటికి వచ్చిన రోజుల్లో అవ్వ నడవలో కూర్చుని మానికతో కొలిచేది. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. ఒంటరి అంకెతో మొదలుపెట్టకూడదని, ఇంటికి వచ్చిన గింజను మంచిమాటతో పిలవాలని పెద్దవాళ్ళ పట్టింపు. "లాభం... లాభం... లాభం..." అని ఆ మానిక గంపలో పడేదాకా అంటూనే ఉండి, తర్వాత "రెండు... రెండు..." అని సాగదీసేది. లెక్క తప్పకుండా ఉండటానికి అది మంచి పద్ధతి. నేనిప్పుడు ఇసుక తట్టలు లెక్కపెట్టేటప్పుడు కూడా అంకెను అలాగే నోట్లో పట్టుకుని ఉంటాను.

ఆ నడవలోనే, అరుగు పక్కన మట్టినేలలో అవ్వ ఓమనగుంటలు తవ్వింది. రెండు వరుసలు, వరుసకు ఏడు, గుంటకు ఐదు పిక్కలు. మధ్యాహ్నం ఎండకు గొర్రెలు నీడకు చేరాక అవ్వ, నేను ఆడేవాళ్ళం. దాసు కూర్చోవడం నేర్చింది ఆ గుంటల పక్కనే. రెండేళ్ళప్పుడు పిక్కలు నోట్లో పెట్టుకునేవాడు, అవ్వ వేలు పెట్టి తీసేది. మూడేళ్ళు వచ్చేసరికి గుంటలోకి తొంగిచూసి, ముట్టుకోకుండానే, "నాలుగుండాయి" అని చెప్పేవాడు. వాడికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. గుంటకు ఒక పిక్క వేస్తూ "లాభం, రెండు, మూడు" అని అవ్వ అంటుంటే వాడూ అన్నాడు, అంతే. నలభై దాకా పోయేవాడు. మేం ఆట చాలించాక గుంటలన్నీ వాడివి. అప్పుడు అవి దొడ్లు, పిక్కలు గొర్రెలు. "మీరు మేతకు పోండి. మీరు ఆగండి, కుక్క ఉండాది" అని ఒక్కొక్క గొర్రెతో మాట్లాడేవాడు. సాయంత్రం దొడ్లోకి తోలి లెక్కపెట్టి ఒకటి తగ్గితే, కాళ్ళకింద వెతికి, కనబడేదాకా అన్నానికి లేచేవాడు కాదు. తన వంతు వచ్చేదాకా ఆగడం, ఓడిపోతే కాసేపు ఏడ్చి మళ్ళీ రావడం, లేని కుక్కను చూసి భయపడి ఆ భయాన్ని తనే తరిమేయడం, ఇవన్నీ వాడు అక్కడే నేర్చాడు. అది నేర్చుకోవడమని అప్పుడు మాకు తెలియదు. పిల్లోడు సతాయించకుండా ఉన్నాడులే అనుకున్నాం.

తొంభైల్లో మా వైపు కాన్వెంట్లు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. నాయన ఆఫీసులో పెద్ద గుమాస్తా కొడుకు టై కట్టుకుని రిక్షాలో బడికి పోతుంటే నాయన రోజూ చూసేవాడు. ఇంట్లో ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేవాడు. పదిహేనేళ్ళుగా ఒక గదిలోంచి ఇంకో గదికి ఫైళ్ళు మోసిన మనిషి. తనకంటే చిన్నవాళ్ళు కూడా "ఒరే" అని పిలిచేవాళ్ళు. కొడుకును కుర్చీలో చూడాలన్న కోరికలో తప్పేమీ లేదు. ఆత్మకూరులో బస్సు డిపో వెనక వీధిలో రెండు గదుల ఇల్లు తీసుకుని మమ్మల్ని తీసుకొచ్చాడు. అవ్వ రాలేదు. గొర్రెల్ని ఎవరికి వదిలిపెట్టేది? దాసుకు చింతపిక్కల మూట కట్టి ఇచ్చింది.

మార్చి మొదట్లో కాన్వెంట్లో ఇంటర్వ్యూ. అమ్మకు జ్వరంగా ఉండి నన్ను వెంట పంపారు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. మేడమ్ బల్ల మీద రంగుల చెక్కదిమ్మెలు పది పెట్టి, "ఎన్నున్నాయో చెప్పు బాబూ" అంది. దాసు మొదటి దిమ్మె మీద వేలు పెట్టి, "లాభం" అన్నాడు.

"ఏమంటున్నాడండీ?" అని మేడమ్ నాయన వైపు చూసింది.

"వన్ చెప్పు నాయనా" అన్నాడు మా నాయన.

ఆమెకు వినబడలేదేమో అనుకుని దాసు ఇంకొంచెం గట్టిగా, "లాభం" అన్నాడు. పక్క బల్ల దగ్గరున్న ఇంకో టీచర్ నవ్వింది. "మీది వ్యాపారమా?" అని అడిగింది. నాయన కాదన్నట్టు తల ఊపాడు. దాసు మూడోసారి అరిచినట్టే అన్నాడు. ఎవరూ రెండోది అడగకపోయేసరికి దిమ్మెల్ని రెండు వరుసలుగా సర్దడం మొదలుపెట్టాడు.

"ఆడుకుంటున్నాడు చూడండి. ఇంటి దగ్గర ఏమీ చెప్పించినట్టు లేదు. జూన్‌లో మళ్ళీ తీసుకురండి, చూద్దాం" అంది మేడమ్. మాటలో కోపం కూడా లేదు. ఆమెకు మా అవ్వ మానిక సంగతి తెలిసే అవకాశం లేదు. నాయనకు తెలుసు. చిన్నప్పుడు ఆయనా అలాగే లెక్కపెట్టాడు. ఆ గదిలో ఆ మాట చెప్పడానికి ఆయనకు సిగ్గేసింది. చెప్పడానికి నేనూ ఉన్నాను, నాకూ సిగ్గేసింది.

ఇంటికి రాగానే గోనెసంచి. చింతపిక్కలు నిప్పుల్లో టపటపమని పేలుతుంటే దాసు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పేలినవాటిని లెక్కపెట్టాడు. అది వాడికి కొత్త ఆట అనిపించినట్టుంది. అంతా అయ్యాక, పేలిన పిక్కల్ని చూపమని చేయి చాచాడు. నాయన నన్ను పిలిచి, "సుగుణా, రోజూ నాలుగింటి నుంచి ఆరున్నర దాకా వీణ్ణి కూర్చోబెట్టే పని నీది. వీధిలోకి పోనియ్యొద్దు. జూన్‌కి వన్ టూ నూరు దాకా రావాల. నువ్వు లెక్కల్లో గట్టిదానివి, నీకు చాతనవుద్ది" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నేను తలుపు గడియ పైకి పెట్టాను.

వీధిలో పిల్లలు బిళ్ళంగోడు ఆడే కేకలు, డిపోలో బస్సులు వెనక్కి తిప్పేటప్పుడు క్లీనర్ల ఈలలు, డీజిల్ వాసన, ఇవన్నీ కిటికీలోంచి వచ్చేవి. దాసు పలక ముందు కూర్చుని కిటికీ వైపు తల తిప్పేవాడు. నేను గెడ్డం పట్టి ఇటు తిప్పేదాన్ని. మొదటి వారం "వన్" అనమంటే "లాభం" అన్నాడు. స్కేలుతో వేళ్ళ మీద కొట్టాను, గట్టిగా కాదు, కానీ కొట్టాను. రెండో వారం మొదటి అంకె దగ్గర నోరు మూసుకుని నా చేతి వైపు చూడటం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి అంకెలతో పాటు మిగతా మాటలు కూడా తగ్గాయి. ముందు నీళ్ళు అడగడం మానేశాడు, కుండ దగ్గరికి పోయి నిలబడేవాడు. తర్వాత నన్ను అక్కా అనడం మానేశాడు. ఏప్రిల్ చివరకు ఒక రోజుకు వాడు ఆడిన మాటలు నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేదాన్ని. లెక్కపెట్టాను కూడా. తొమ్మిది, ఆరు, ఆరు, రెండు. తర్వాత పదకొండు రోజులు సున్న.

అమ్మ భయపడిపోయింది. నాలుకకు ఏమైనా అయిందేమోనని దీపం దగ్గర నోరు తెరిపించి చూసింది. డాక్టరు టానిక్కు రాసిచ్చాడు. పాస్టరు వచ్చి తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పోయాడు. "ఏమయ్యా, పోనీ కాసేపు వీధిలోకి వదలరాదా?" అని అమ్మ ఒకసారి అడిగింది. "ఇంక నెలే ఉండాది. ఇప్పుడు వదిలితే చదివించినదంతా పోద్ది" అన్నాడు నాయన. ఆయనకూ భయంగానే ఉండేది. అన్నం తింటూ వాడి నోటివైపే చూసేవాడు.

ఇక్కడ నేను చేసిన పని ఉంది. చాక్‌పీసుల పెట్టె నా దగ్గరే ఉండేది. ఆదివారం ఆదివారం లెక్క చూసేదాన్ని. రోజుకొకటి చొప్పున, ఆదివారం పోను వారానికి ఆరు తగ్గాలి, ఆ వారం పన్నెండు తగ్గాయి. ఆరు ఏమయ్యాయో తేలక నాకు మనసు నిలవలేదు. మరునాడు మధ్యాహ్నం అమ్మ పడుకున్నప్పుడు మంచం కింద చప్పుడైతే వంగి చూశాను. దాసు బోర్లా పడుకుని ఉన్నాడు. ఆరు చాక్‌పీసుల్నీ విరిచి పద్నాలుగు ముక్కలు చేసి, ఏడేసి చొప్పున రెండు వరుసలు పెట్టాడు. వాటితో మెల్లగా అంటున్నాడు: "మీరు ఈ పూట ఇక్కడే పడుకోండి. బయట ఎండగా ఉండాది. అక్క చూస్తాది."

పదకొండు రోజుల తర్వాత వాడి గొంతు విన్నాను. పరుగెత్తిపోయి అమ్మను లేపి ఉండాల్సింది. లేపలేదు. సాయంత్రం నాయన రాగానే, "చాక్‌పీసులు ఆరు ఎక్కడ పోయినాయో తెలిసింది నాయనా" అన్నాను. మాట్లాడుతున్నాడని చెబుదామనే మొదలుపెట్టాను అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. వెనక నుంచి లెక్క వేసి చూస్తే అది నిజం కాదు. ముందు వచ్చింది ఆరు, మాటల సంగతి నా నోట్లోంచి రానేలేదు. నాయన వంగి ముక్కల్ని చేత్తో బయటికి ఊడ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. దాసు నాయన వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

జూన్ మొదట్లో అవ్వ వచ్చింది. అమ్మ ఎవరితోనో కబురు పంపిందట. బస్సు దిగి, సంచి గుమ్మంలో పెట్టి, దాసును ఒళ్ళో కూర్చోబెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వాడు ఒళ్ళో కర్రలా కూర్చున్నాడు.

"ఏందిరా అబ్బయ్యా, వీణ్ణి ఇట్టా చేసినారు?" అంది నాయనతో.

"ఏం చేసినామమ్మా? చదువు చెప్పిస్తా ఉండాం. నీ లాభం లెక్కలతో నా పరువు తీసినాడు ఆడ."

"పరువా? నీ పరువు వీడి నోట్లో ఎందుకు పెట్టినావురా, అది వీడు మింగాలా కక్కాలా? ఒరే, నువ్వు గొర్రెల్లో పుట్టినోడివి. నెల పిల్ల దొడ్లో ఎగరకుండా మూలన నిలబడుకుంటే ఏమంటాం?"

నాయన గుమ్మంలో ఉన్న సంచి తీసి లోపల పెట్టాడు.

"చెప్పు, ఏమంటాం?"

"రోగం అంటాం."

"రోగమొస్తే ఎగరదు. నువ్వు ఎగిరేదాన్ని కట్టేసి రోగం తెప్పించినావు. కాళ్ళు గట్టిపడేది ఎగిరితేనే గదరా, నిలబెట్టి కాళ్ళు పిసికితే గట్టిపడతాయా? పెద్ద ఆఫీసులో ఉండావు, ఈ మాత్రం తెలవదా?"

"రేప్పొద్దున వీడు కూడా ఫైళ్ళు మోస్తే అప్పుడు నీకు సంతోషమా?" అన్నాడు నాయన.

"మోస్తే మోస్తాడు. మాట్లాడతా మోస్తాడు" అంది అవ్వ.

మరునాడు మధ్యాహ్నం బస్సుకు దాసును, నన్ను తీసుకుని పల్లెకు వచ్చేసింది. నాయన డిపో దాకా వచ్చి, బస్సు కదిలేదాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. రెండో ఇంటర్వ్యూకు ఎవరూ పోలేదు.

పల్లెలో అవ్వ వాడిని ఏమీ అడగలేదు. కొత్త పిక్కలు కడిగి ఆరబెట్టింది. గుంటల ముందు కూర్చుని తనొక్కతే ఆడేది, ఎడమచేత్తో ఒక పక్క, కుడిచేత్తో ఒక పక్క. నన్ను కూడా రావొద్దంది. మూడు రోజులు దాసు గుంజ పక్కన నిలబడి చూశాడు. నాలుగో రోజు వచ్చి అవ్వ ఎదుట కూర్చున్నాడు. ఏడో రోజున వాడి వంతు వచ్చినప్పుడు మొదటి పిక్క చప్పుడు లేకుండా వేసి, రెండోది వేస్తూ, "రెండు" అన్నాడు. "మూడు" అన్నాడు. అవ్వ తల ఎత్తలేదు. పిక్కలు తీసుకుని తన వంతు ఆడింది. నేను మాత్రం పెరట్లోకి పోయి ఏడ్చాను. ఆ సాయంత్రానికి వాడు అవ్వను నీళ్ళు అడిగాడు. నన్ను అక్కా అనడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పట్టింది.

వాడు ఉదయగిరిలోనే మామూలు బడిలో చదివాడు. ఇప్పుడు నెల్లూరులో కంప్యూటర్ మీద మ్యాపులు గీసే పని, మంచి ఉద్యోగమే. తక్కువ మాట్లాడతాడు, మర్యాదగా మాట్లాడతాడు. నాయన పోయేముందు మంచంలో ఉన్నప్పుడు నాతో ఒకసారి, "ఆ పొద్దు వాణ్ణి రెండోది కూడా చెప్పనిచ్చి ఉంటే బాగుండేది గదా సుగుణా" అన్నాడు. ఏ పొద్దు అని నేను అడగలేదు.

ఇప్పటి పిల్లలకు ఆటవస్తువులు తక్కువేం లేవు. పాప ఒక పెద్ద సంచి నిండా తెచ్చుకుంది, నూట ఇరవై ఒకటికి మించే ఉంటాయి. ఏ బొమ్మ పట్టుకున్నా దాసు, "ఇదేం రంగు? ఇవెన్ని?" అని అడుగుతాడు. అది జవాబు చెప్పి బొమ్మను పక్కన పెట్టేస్తుంది. వచ్చిన మరునాడు మా మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టింది. మొదటి మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి నోరు మూసుకుంది. తర్వాతి మెట్టు ఎక్కి, "రెండు" అంది. "మూడు" అంది. వెనక నుంచి వస్తున్న దాసు కూడా పెదవులు అలాగే కదిపాడు. ఇన్నేళ్ళూ వాడు మొదటిదాన్ని మింగేసి లెక్కపెడుతున్నాడని నాకు తెలియదు. వాడికీ తెలియదనుకుంటాను. పిల్ల మాత్రం నాన్నను చూసి నేర్చేసుకుంది.

ఆ సాయంత్రం, "పాపను కూర్చోబెట్టేది నా వల్ల కాదు దాసూ" అన్నాను. "నెల కాదు, సెలవులన్నీ ఉంచు. ఆడిస్తాను. కూర్చోబెట్టను. బడివాళ్ళు వద్దంటే ఇంకో బడి చూడు."

"ఆడిస్తే ఏమొస్తాది అక్కా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

మా ఇంటి ముందు పక్కవాళ్ళ గోడకు తోలిన ఇసుక పోసి ఉంది. పాప అప్పటికే అందులో చేతులు పెట్టి, "అత్తా, నువ్వు రా. నాన్నా, నువ్వు కూడా" అని పిలిచింది. నేను పోయి కూర్చున్నాను. దాసు చెప్పులు విప్పి ఇసుక అంచున నిలబడ్డాడు. "ఏం చెయ్యాల అక్కా?" అన్నాడు. ముప్పై దాటిన మనిషి. నేను వాడి చెయ్యి పట్టి కిందికి లాగాను. పాప వాడి మోకాళ్ళ దాకా ఇసుక కప్పి, "కదలబాకు, నిద్రపోతా ఉండావు" అని ఆజ్ఞ వేసింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. అలా మూడు సాయంత్రాలు, రోజుకు రెండు గంటలు. మూడోనాడు పాప చెప్పకుండానే వాడు ఒక గుంట తవ్వి అందులో ఎవరినో పడుకోబెట్టాడు, ఎవరో నాకు వినబడలేదు. పాపను నా దగ్గర వదిలి ఆదివారం బస్సెక్కాడు. జూన్ సంగతి ఏమవుతుందోనని నాకు దిగులుగానే ఉంది. వాడి భార్య రోజూ ఫోన్ చేసి ఎంతదాకా వచ్చిందని అడుగుతోంది.

ఇదీ లెక్క. సంచి కట్టిన రోజు నుంచి అవ్వ వచ్చిన రోజు దాకా ఎనభై తొమ్మిది రోజులు. గుడి ఉంటుందని ఆదివారాలు పన్నెండు వదిలేశాం, మిగిలినవి డెబ్బై ఏడు సాయంత్రాలు. సాయంత్రానికి రెండున్నర గంటలు, మొత్తం నూట తొంభై రెండున్నర గంటలు. తలుపు గడియ నా చేతిలో ఉంది కాబట్టి ఇవి నాయన పేరు మీద కాదు, నా పేరు మీదే ఉన్నాయి. నాలుగేళ్ళవాడి గంట, ముప్పై దాటినవాడి గంట ఒకటే కొలత కాదని నాకు తెలుసు. రెండింటికీ మధ్య ఎంత తేడానో చెప్పే సూత్రం నా దగ్గర లేదు. అందుకని సమానంగానే వేశాను. ఇసుకలో ఆడినవి ఆరు గంటలు. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి వేసి చూశాను. ఇంకా నేను వాడికి ఇవ్వాల్సినవి నూట ఎనభై ఆరున్నర గంటలు.